వాడు ముక్కడం లేదు, బిగబట్టుకుంటున్నాడు

మా ముందుగది తలుపు వెనక ఒక సందు ఉంది, చీపురూ గొడుగూ పట్టేంత సందు. నాలుగు నెలల పాటు మా చిన్నోడు రోజూ ఏదో ఒక వేళ ఆడుకుంటున్న బండిని అక్కడే వదిలేసి అందులోకి దూరేవాడు. మునివేళ్ళ మీద లేచి, కాళ్ళు రెండూ మెలేసి, పిరుదులు బిగించి, కర్టెన్‌ని పిడికిట్లో నలిపి పట్టుకుని, మొహం కందగడ్డలా చేసుకుని ఒక నిమిషం, రెండు నిమిషాలు అట్లాగే నిలబడేవాడు. నుదుటి మీద చెమట పట్టేది. నేను ఎదురుగా గొంతుక్కూచుని "ముక్కు బిడ్డా, ముక్కు, ఇంకొంచెం, అయిపోయింది" అని పాట అందుకునేదాన్ని. కాసేపటికి వాడు ఊపిరి వదిలి, ఏమీ జరగనట్టు వచ్చి మళ్ళీ బండి తోసుకునేవాడు. నిక్కరు విప్పి చూస్తే ఏమీ ఉండేది కాదు.

అట్లా మూడు రోజులు, నాలుగు రోజులు. ఐదో రోజు రాత్రి ఇక ఆపుకోలేక అయ్యేది. ముందు మేకపెంటికల్లాంటివి నాలుగైదు, వాటి వెనక నా బొటనవేలి కన్నా లావుగా ఒకటి, దాని పక్కన సన్నగా ఎర్రటి చార. వాడి ఏడుపుకి కింది వాటా అక్క "ఏమైంది, పిలగాడు పడ్డడా?" అని మెట్లెక్కి వచ్చేది. ఇలాంటివి రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, కానీ పిల్లలున్న ఇంట్లో ఇంతకన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉండదని మీకూ తెలుసు. పొద్దున లేవగానే మా ఆయన నన్ను అడిగే మొదటి మాట "అయిందా?" అనే.

మేము నల్లగొండలో కిరాయికి ఉంటాం. మా అత్తగారి ఊరు చండూరు వైపు, అక్కడ మామయ్యకు రెండు బర్రెలు. చిన్నోడికి ఇప్పుడు 2 ఏళ్ళు దాటి 3 నెలలు. కథ మొదలైంది పోయిన ఎండాకాలంలో. మన నల్లగొండ ఎండ సంగతి చెప్పేదేముంది, మే నెలలో మధ్యాహ్నం నల్లా తిప్పితే వేడినీళ్ళే వస్తాయి. ఆ ఎండల్లో వాడికి నాలుగు రోజులు జ్వరం వచ్చింది, నీళ్ళు ముట్టలేదు, అన్నం ముట్టలేదు, పాలు మాత్రం తాగాడు. జ్వరం తగ్గాక అయిన మొదటి మోషన్ రాయిలా అయింది, చీరుకుంది, వాడు భయపడ్డాడు. అప్పుడు మాకు అది పెద్ద విషయంగా అనిపించలేదు. జ్వరం పోయింది కదా అని సంతోషపడ్డాం.

ఇక ఆ తర్వాత ఊళ్ళో వైద్యమంతా మా ఇంటికే వచ్చింది. గోరువెచ్చని నీళ్ళు తాగించమని ఒకరు, కిస్‌మిస్ నానబెట్టి పిసికి పట్టమని ఒకరు, గ్రైప్ వాటర్ అని ఒకరు. అరటిపండు పెట్టమని ఒకరంటే, అరటిపండే పెట్టొద్దని ఇంకొకరు. (బాగా మగ్గిన పండు ఫర్వాలేదు, కసరుగా ఉన్నదైతే బిగుస్తుంది; ఇద్దరి మాటలోనూ నిజం ఉందని తర్వాత అర్థమైంది.) మా అత్తమ్మ మాత్రం తమలపాకు తొడిమ పట్టుకొచ్చింది. దాన్ని ఆముదంలో ముంచి కింద పెడితే రెండు నిమిషాల్లో అవుతుందట. "మీ ఆయనకు నేను గట్లనే చేసిన, ఏమైంది, మంచిగనే పెరగలే?" అంది. సబ్బు ముక్క చెక్కి పెట్టడం కూడా విన్నాను. ఆ సున్నితమైన చోట పచ్చిపుండు మీద సబ్బు పెడితే ఎట్లా ఉంటుందో మనమే ఊహించుకోవచ్చు.

ఆముదం మీద మనవాళ్ళకున్న నమ్మకం ఊరికే రాలేదు. పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల ఎర్ర చెల్కల్లో పత్తి ఇంతగా రాకముందు వానాకాలం పంటంటే ఆముదాలే, పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళు ఇప్పటికీ ఆముదంలో కొత్త రకాలు తీస్తుంటారు. ఇంట్లో పండింది కాబట్టి నెత్తికీ అదే, ఒంటికీ అదే, కడుపుకీ అదే. కానీ ఆముదం కడుపులో పడితే అందులోని రిసినోలియిక్ ఆమ్లం పేగుల్ని పట్టుకుని పిండుతుంది, అందుకే ఆ మెలిపెట్టే నొప్పి. అసలే దొడ్డికి అంటేనే వణికే పిల్లాడికి ఆ నొప్పి కూడా చూపిస్తే ఏమవుతుంది? తొడిమ నేను వద్దన్నాను, అత్తమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అట్లాగని నేను తెలివైనదాన్నేం కాదు. ఒక మెడికల్ షాపులో అడిగి గ్లిజరిన్ సపోజిటరీలు, అంటే వెనకనుంచి లోపలికి పెట్టే మందు ముక్కలు, తెచ్చుకున్నాను. పని చేసింది, నిజమే. ఆనందపడి నెలలో నాలుగైదు సార్లు పెట్టాను. ఐదోసారి వాడు నా చేతిలో ఆ తెల్లటి ముక్క చూడగానే మంచం కిందికి పాకి వెళ్ళిపోయాడు. తమలపాకు తొడిమకీ నా సపోజిటరీకీ వాడి దృష్టిలో తేడా ఏముంది? రెండూ వెనకనుంచి వచ్చేవే.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలా ఇళ్ళల్లో జరుగుతుందని డాక్టరు అన్నారు. జులైలో ఒక వారం వాడి నిక్కరుకి రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా నీళ్ళలాంటిది అంటుకునేది. హమ్మయ్య, మలబద్ధకం పోయి విరేచనాలు పట్టుకున్నాయి అనుకుని, కూరలన్నీ మానేసి సగ్గుబియ్యం జావ, మెత్తటి తెల్లన్నం పెట్టాం. కానీ అది విరేచనం కాదు. లోపల గట్టిగా పేరుకున్న మలం చుట్టూ సందు చేసుకుని పైనుంచి పలచగా ఉన్నది కారడం. అంటే బిగుసుకున్న కడుపుకి ఇంకా బిగుసుకునే తిండి పెట్టామన్నమాట, వారం రోజులు.

ఆగస్టులో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పొట్ట మీద చెయ్యి వేసి ఎడమ వైపు కింద నొక్కి, నా వేళ్ళు పట్టుకుని అక్కడ పెట్టారు. గట్టిగా, ముద్దలుగా తగిలింది. తర్వాత ఇంట్లో ఎట్లా చేస్తాడో చూపించమన్నారు. నేను కుర్చీలోంచి లేచి, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు మెలేసి చూపించాను. మా ఆయన నవ్వు ఆపుకున్నాడు. డాక్టరు నవ్వలేదు. "అమ్మా, కాళ్ళు దగ్గరికి పెట్టి ఎవరైనా ముక్కుతారా? ముక్కేవాళ్ళు కూచుంటారు, కాళ్ళు ఎడం చేస్తారు. మీ వాడు ముక్కడం లేదు, బిగబట్టుకుంటున్నాడు" అన్నారు.

నాలుగు నెలలు వాడు లోపలికి లాక్కుంటుంటే నేను ఎదురుగా కూచుని "శభాష్, ఇంకొంచెం" అన్నానన్నమాట.

ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఒకసారి నొప్పి పుడితే పిల్లలు భయపడి ఆపుకుంటారు. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు అందులోని నీళ్ళు పీల్చేస్తూనే ఉంటుంది, దాని పనే అది. రేపటికి ఇంకా గట్టిగా, ఎల్లుండికి ఇంకా లావుగా. అప్పుడు వస్తే ఇంకా ఎక్కువ నొప్పి, కాబట్టి ఇంకా ఎక్కువ ఆపుకోవడం. ఇట్లా నెలల తరబడి సాగితే కింద పేగు సంచిలా సాగిపోయి, నిండిన సంగతే పిల్లాడికి తెలియకుండా పోతుంది. మలబద్ధకం ఉన్న పిల్లల్లో నూటికి 90 మందికి పైగా లోపల వేరే జబ్బేమీ ఉండదట, ఉన్నదంతా ఈ గిరగిర తిరిగే చక్రమే. దాన్ని తెంపాలంటే రెండు పనులు. మలం మెత్తబడాలి, భయం పోవాలి. మొదటిది మీ వంటింట్లో సగం ఉంది, సగం నేను రాసే మందులో ఉంది అన్నారు. తర్వాత ఒక్కటే ప్రశ్న: "పాలు ఎన్ని తాగుతాడు?"

"ఎక్కువేం కాదు సార్, మామూలుగానే" అన్నాను. ఆయన మూడు రోజులు రాసుకుని రమ్మన్నారు, నోట్లోకి పోయేదంతా, టైముతో సహా.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. మొదటి రోజు పేజీ ఇట్లా ఉంటుంది: పొద్దున ఆరున్నరకి పాలు 250. ఎనిమిదిన్నరకి ఇడ్లీ అరముక్క, చక్కెరతో. పదిన్నరకి పాలు 250, నాలుగు బిస్కెట్లు ముంచుకుని. ఒంటిగంటకి పెరుగన్నం ఐదు ముద్దలు, ఆరోది ఉమ్మేశాడు. నాలుగింటికి పాలు 250. ఆరింటికి కింది అక్క ఇచ్చిన బ్రెడ్డు ముక్క. ఎనిమిదింటికి అన్నం వద్దన్నాడు. తొమ్మిదికి పాలు 250, నిద్రలోకి జారుతూ. నీళ్ళు... ఆ గడిలో "మందు వేసినప్పుడు రెండు గుక్కలు" అని రాసి ఉంది.

పేజీ మొత్తం తెలుపే. పాలు, ఇడ్లీ, పెరుగన్నం, బ్రెడ్డు. రాసేటప్పుడు కూడా తట్టలేదు, డాక్టరు పేజీ తిప్పి నా వైపు పెట్టాక కనబడింది.

లెక్క ఇంటికొచ్చి వేసుకున్నాను. బర్రె పాలు 100 మిల్లీలీటర్లు అంటే దగ్గరదగ్గర 100 కేలరీలు, మన ఇంటి చిక్కటి పాలైతే ఇంకా కాస్త ఎక్కువే. లీటరుకి వెయ్యి దాటుతాయి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 1 నుంచి 3 ఏళ్ళ పిల్లలకి రోజంతటికీ కావాల్సింది 1010 కేలరీలు. అంటే వాడి రోజువారీ తిండి మొత్తం సీసాలోనే అయిపోతోంది, ఇక అన్నం ఎందుకు తింటాడు? "వీడు అన్నం తినడు, కనీసం పాలైనా తాగనీ" అని నేను ఏడాదిగా అందరితో చెప్పుకుంటున్న మాటని తిరగేసి చదువుకోవాలి: పాలు తాగుతున్నాడు కాబట్టే అన్నం తినడు. పాలల్లో పీచు సున్నా. ఈ వయసుకి రోజుకి 400, 500 మిల్లీలీటర్లు చాలు, అంతకు మించితే అన్నానికి చోటు ఉండదు, పైగా ఒంట్లో ఐరన్ కూడా తగ్గుతుంది అని డాక్టరు అన్నారు. రక్తపరీక్ష రాశారు, నిజంగానే హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ వచ్చింది.

డాక్టరు చెప్పడం సులువు. మామయ్యకి చెప్పేదెవరు?

ఆ పాల సంగతి తెలిస్తే మీకు నా కష్టం అర్థమవుతుంది. మామయ్య తెల్లారుజామున పిండి, స్టీలు క్యానులో పోసి, మూతకి గుడ్డ చుట్టి, నల్లగొండ వచ్చే మొదటి బస్సులో పెట్టిస్తాడు. మా ఆయన బస్టాండుకి వెళ్ళి తెచ్చుకుంటాడు. వాడు పుట్టినప్పటి నుంచి వానొచ్చినా ఆగలేదు. ఫోను చేసి "మామయ్యా, ఇకనుంచి పాలు సగమే పంపండి, డాక్టరు తగ్గించమన్నాడు" అంటే అవతల కాసేపు చప్పుడు లేదు. "పాలు తాగకపోతె పిలగానికి బలమెట్లొస్తది బిడ్డా? నీళ్ళు గలిపినవి గావు గదా మనయి" అన్నాడు. పాలు మంచివి కావని కాదు, ఎక్కువయ్యాయని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. చివరికి "సరే, సగం పాలు, సగం మజ్జిగ పంపుత" అన్నాడు. నేను అడగని పరిష్కారం, డాక్టరుకి కూడా తట్టనిది.

సీసా మానిపించడం మాత్రం మూడు రాత్రుల యుద్ధం. ముందు పొద్దున పదిన్నర పాలు తీసేశాం, బయట తిప్పితే మరిచిపోయాడు. సాయంత్రం పాల బదులు పండు. రాత్రి సీసా దగ్గర వచ్చింది అసలు సంగతి, ఎందుకంటే అది ఆకలికి కాదు, నిద్రకి. మొదటి రాత్రి గంటన్నర ఏడ్చాడు. రెండో రాత్రి అత్తమ్మ లేచొచ్చి "ఇయ్యరాదే, పాపం" అంది, నేనూ లేచాను, మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఇద్దరినీ ఆపాడు. మూడో రాత్రి పావుగంటలో పడుకున్నాడు. నాలుగో రోజు పొద్దున వాడు నా కొంగు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి, రొట్టెలు చేసే పెనం వైపు చెయ్యి చూపించి "తింత" అన్నాడు. ఏడాదిలో మొదటిసారి వాడు తిండి అడగడం. ఇప్పుడు రెండు పూటలా గ్లాసుతో 200, 200 తాగుతాడు, అంతే.

ఆకలి వచ్చాక పీచు పెట్టడం ఎంత తేలికో. మన దగ్గర దాని కోసం కొత్తగా ఏదీ కొనక్కర్లేదు, డబ్బాల్లో అమ్మే ఫైబర్ పొడులు అసలే అక్కర్లేదు. పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల్లో చూస్తే 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, మైదాలోనూ అంతే. జొన్నల్లో 10, సజ్జల్లో, తైదల్లో (రాగుల్లో) 11కి పైమాటే. రెండేళ్ళ పిల్లాడికి వయసుకి 5 కలుపుకుని కనీసం 7 గ్రాములు అందేట్టు చూసుకోమని డాక్టరు చెప్పిన లెక్క. మా తాతలు గట్క, అంబలి తాగి బతికిన జిల్లాలో మేము పిల్లాడికి రెండు పూటలా పాలిష్ బియ్యం, మధ్యలో మైదా బిస్కెట్లు పెట్టి, మళ్ళీ కడుపు బిగిసిందని డాక్టరు చుట్టూ తిరుగుతున్నాం. నవ్వాలో ఏడవాలో.

జొన్నగట్క వాడికి బాగా నచ్చింది. జొన్నరవ్వని రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించి, చల్లారాక మామయ్య మజ్జిగ పోసి, ఉప్పు చిటికెడు. గరిటెజారుగా ఉండాలి, పెద్దవాళ్ళు తినేట్టు ముద్దకట్టేలా చేస్తే ఈ వయసు వాళ్ళు మింగలేరు. జొన్నరొట్టెని పొంగినప్పుడే పైపొర తీసి పప్పుచారులో నానేసి పెడతాను. తైదంబలి ఒక్కటే వాడికి పడదు, రంగు చూసి మొహం తిప్పేస్తాడు, నేను కూడా బలవంతం చెయ్యను. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడి ఇంతకుముందు పాలల్లో కలిపేదాన్ని, ఇప్పుడు నీళ్ళతో జావలా కాచి మగ్గిన అరటిపండు మెదిపి కలుపుతున్నాను. అందులో గోధుమలు, శనగపప్పు ఉంటాయి, కానీ చక్కెర కూడా ఉంటుంది, కాబట్టి రోజుకొక్కసారే.

ఆకుకూరల దగ్గర గంగవాయిలి కూర (కొందరు గంగపాయల కూర అంటారు) నాకు దేవుడిలా దొరికింది. పాలకూర, తోటకూర ఉడికాక కూడా సన్న దారాల్లా నాలుకకి తగులుతాయి, వాడు వేలితో తీసి నా చేతికి పెడతాడు. గంగవాయిలి అట్లా కాదు, దాని కాడల్లో జిగురుంటుంది, కందిపప్పుతో ఉడికించి పప్పుగుత్తితో ఎనిపితే పప్పులో కలిసిపోతుంది, కనబడదు. బచ్చలీ అంతే. మా ఇంటి వెనక ఖాళీ జాగాలో వానాకాలమంతా గంగవాయిలి దానంతటదే మొలుస్తుంది, మొన్నటిదాకా దాన్ని గడ్డి అనుకుని తొక్కుకుంటూ తిరిగాను. పుంటికూర (గోంగూర) పులుపు వాడికి ఇష్టం, కాకపోతే కారం లేకుండా వేరే తీసిపెట్టాలి. ఆనపకాయ, బీరకాయ పప్పులో పడితే పీచుతో పాటు నీళ్ళు కూడా పోతాయి కడుపులోకి.

పండ్ల విషయంలో మా జిల్లా మీద నాకొక ఫిర్యాదు. బత్తాయికి పేరున్న నల్లగొండలో పిల్లలకి బత్తాయి ఎట్లా ఇస్తాం? రసం తీసి, వడకట్టి, చక్కెర వేసి. పీచంతా జల్లెడలో, తీపంతా గ్లాసులో. తొన పైపొర ఒలిచి, గింజలు తీసి, లోపలి ముత్యాల్ని చిన్న ముక్కలుగా చేతికిస్తే వాడే పీల్చుకుంటూ తింటాడు, చొక్కా పాడవుతుంది, అంతే నష్టం. రసమే ఇవ్వాలనుకున్నా ఈ వయసుకి రోజుకి 120 మిల్లీలీటర్లు దాటకూడదు. అసలు బలం జామపండుది, 100 గ్రాముల్లో 8 గ్రాములకు పైగా పీచు. బాగా మగ్గింది తీసుకుని, మధ్యలో గట్టిగింజల గుజ్జు తీసేసి, చుట్టూ ఉన్న మెత్తటిది చెంచాతో గీకి పెడతాను. సెప్టెంబరు వచ్చేసరికి మా అమ్మ కల్వకుర్తి నుంచి సీతాఫలాల బుట్ట తెచ్చింది. పాలమూరు సీతాఫలం గురించి నేను ఎక్కువ రాస్తే ఇది వేరే పోస్టయిపోతుంది, బాలానగర్ పేరుతో ఒక రకమే ఉంది కదా. ఒక్కో గింజా నేనే తీసి, మళ్ళీ ఒకసారి వేలితో వెతికి, అప్పుడు పెట్టేదాన్ని. గింజ గొంతులో ఇరుక్కుంటే ఇంకో కథ. పల్లీలు, పేలాలు, ఉడికించిన శనగలు కూడా అంతే, పీచు మంచిదే కానీ నాలుగైదేళ్ళ దాకా గింజ గింజగా ఇవ్వొద్దు, మెదిపి ఇవ్వాలి.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి. ఉత్సాహం ఆపుకోలేక మొదటి వారంలోనే గట్క, రొట్టె, జామ, ఆకుకూర అన్నీ ఒక్కసారి మొదలుపెట్టాను, నీళ్ళ సంగతి మరిచిపోయాను. పొట్ట డోలులా ఉబ్బింది, మోషన్ ఇంకా గట్టిగా అయింది. పీచు నీళ్ళు పట్టుకుంటేనే మెత్తబడుతుంది. నీళ్ళు లేని పీచు ఎండుగడ్డే. అప్పటినుంచి ఒక్కో వారం ఒక్కోటి పెంచుకుంటూ పోయాను, నీళ్ళకి చిన్న స్టీలు గ్లాసు వాడి ఎత్తులో కిటికీ అరుగు మీద పెట్టాను. అడిగితే తాగడు, తనంతట తను తీసుకునేట్టయితే రోజంతా తాగి పారబోస్తాడు. పాలు, మజ్జిగ, పప్పుచారు, పండ్లలో నీళ్ళు అన్నీ కలిపి రోజుకి లీటరు పైచిలుకు పోవాలి లోపలికి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

మందు సంగతి దాచను, ఎందుకంటే "అంతా తిండితోనే నయం చేశాను" అని చెప్పుకునే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. లోపల అంత పేరుకున్నాక ఒక్క తిండితో కదలదు. డాక్టరు ముందు పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాశారు, నీళ్ళలో కలిపి తాగించేది. ఇంకొందరు పిల్లలకి లాక్టులోజ్ సిరప్ ఇస్తారు. ఇవి పేగుని పిండవు, మలంలో నీళ్ళు నిలిచేట్టు చేస్తాయి. నాలుగు రోజుల్లో పొట్ట ఖాళీ అయింది, వాడి మొహమే మారిపోయింది. నేనేం చేశాను? "అలవాటైపోతుంది" అని ఎవరో అంటే నాలుగు వారాలకే ఆపేశాను. పది రోజుల్లో మళ్ళీ తలుపు సందు. డాక్టరు తిట్టలేదు కానీ, సాగిన పేగు మామూలు కావడానికి నెలలు పడుతుందమ్మా, అప్పటిదాకా మెత్తగా పోతూనే ఉండాలి, భయం మరిచిపోవాలి, ముందే ఆపడం వల్లే చాలామందికి తిరగబెడుతుంది అన్నారు. ఇప్పుడు మెల్లమెల్లగా, ఆయన చెప్పినట్టే తగ్గిస్తున్నాం. మోతాదు నేను రాయను, అది మీ పిల్లాడి బరువుని బట్టి మీ డాక్టరు చెప్పాలి.

భయం పోగొట్టడానికి చేసింది చాలా చిన్నది. తిన్నాక పేగులు కదులుతాయి కాబట్టి, పొద్దున టిఫిన్ అయిన పది నిమిషాలకి పాటీ మీద కూచోబెడతాను, ఐదు నిమిషాలు, అంతకన్నా ఎక్కువ కాదు. కాళ్ళు గాల్లో వేలాడకుండా కింద రొట్టెల పీట వేశాను. అయితే మంచిది, కాకపోతే ఏం మాట్లాడకుండా లేపేస్తాను. "ముక్కు" అనే మాట ఇంట్లో నిషేధం. అత్తమ్మకి ఇదే అన్నిటికన్నా కష్టమైంది. వాడు కూచున్నంతసేపూ ఊరి బర్రెల పేర్లు, దూడల పేర్లు చెబుతూ ఉంటుంది, వాడు ఒక్కో పేరుకీ "అంబా" అంటాడు. మూడో వారంలో ఒకరోజు "అంబా" మధ్యలో ఆగి కిందకి చూశాడు, "పడ్డది" అన్నాడు, ఏడవకుండా. అత్తమ్మ నన్ను పిలవలేదు. చూసి, కడిగి, కొంగుతో కళ్ళు తుడుచుకుని అప్పుడు వచ్చి చెప్పింది.

ఒక్కటి మాత్రం చదివేవాళ్ళు గుర్తుంచుకోండి. పుట్టిన రెండు రోజుల దాకా మొదటి మోషన్ కాని పిల్లలు, మొదటి నెల నుంచే ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళు, పొట్ట ఉబ్బి ఆకుపచ్చగా వాంతులు చేసుకునేవాళ్ళు, బరువు పెరగనివాళ్ళు, కాళ్ళల్లో బలం తగ్గినట్టు కనబడేవాళ్ళు ఉంటే గట్క, గంగవాయిలి అంటూ కూచోకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. గట్టిగా అయినప్పుడు సన్నగా ఎర్రచార కనబడటం చీరుకోవడం వల్లే అవుతుంది ఎక్కువగా, కానీ రక్తం ఎక్కువైనా, మాటిమాటికీ వస్తున్నా చూపించాల్సిందే. తిండి, మందు అన్నీ సరిగ్గా పడుతున్నా తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష చేయడం, పాలు పడకపోవడం వల్లేమో అని కొన్ని వారాలు పూర్తిగా ఆపి చూడటం లాంటివి వాళ్ళే చెబుతారు. మాకు అంత అవసరం రాలేదు.

ఇప్పుడు రోజూ కాకపోయినా రోజు విడిచి రోజు అవుతోంది, మెత్తగా, అరటిపండులా. పోయిన వారం మా ఆడబిడ్డ వాళ్ళ ఇంట్లో పెళ్ళని మిర్యాలగూడ వెళ్ళాం. మూడు రోజులు పూరీలు, లడ్డూలు, ఎవరెవరో చేతిలో పెట్టిన బిస్కెట్లు, కొత్త బాత్‌రూమ్. మూడు రోజులూ కాలేదు. మూడో రోజు సాయంత్రం ఫంక్షన్ హాల్లో పూలదండల స్టాండు వెనక మునివేళ్ళ మీద లేచి నిలబడ్డాడు, నా గుండె గుభేలుమంది. మా ఆయన నా వైపు చూశాడు. ఈసారి ఎదురుగా వెళ్ళి కూచోలేదు. ఎత్తుకుని రూముకి తీసుకెళ్ళి, నీళ్ళు తాగించి, పీట దొరకలేదు కాబట్టి సూట్‌కేసు అడ్డం పడేసి కాళ్ళు దాని మీద పెట్టించి కూచోబెట్టాను. అత్తమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి బర్రెల పేర్లు మొదలుపెట్టింది. ఆ రోజు కాలేదు. మర్నాడు ఇంటికొచ్చి రెండు పూటలు గట్క తాగాక అయింది.